ఎంత బిగించినా బూటు లేసు ఎందుకు ఊడుతుంది?

ట్రెక్కింగ్‌కి వెళ్లే ప్రతి గుంపులోనూ ఒకరు ఉంటారు. అరగంటకోసారి దారి పక్కన ఏ రాయి మీదో కాలు పెట్టి వంగుతారు. మిగతావాళ్లు నాలుగడుగులు ముందుకెళ్లి, వెనక్కి తిరిగి చూస్తూ నిలబడతారు. చాలా ఏళ్లపాటు ఆ వంగే మనిషిని నేనే. లేసు ఊడిన ప్రతిసారీ నేను చేసిన పని ఒకటే: ఇందాకటి కంటే గట్టిగా లాగి కట్టడం. సాయంత్రం బూట్లు విప్పేసరికి పాదం మీద లేసుల అచ్చు పడి ఉండేది, వేళ్లు తిమ్మిరెక్కి ఉండేవి. లేసు మాత్రం మర్నాడు మళ్లీ ఊడేది.

గట్టిగా కట్టకపోవడం వల్ల ఊడుతోందని అనుకున్నాను. అసలు సంగతి వేరు. ఎంత బలంగా లాగామన్నది కాదు, ఎటు తిప్పి కట్టామన్నది చూడాలి. ఇది అర్థం కావాలంటే మనం రోజూ చూడకుండా కట్టేసే ఆ ముడిని ఒకసారి విప్పి చూడాలి.

లేసు కట్టినప్పుడు మనం వేసేది ఒక ముడి కాదు, రెండు. మొదట రెండు కొసలనూ ఒకదాని మీద ఒకటి వేసి, కింద నుంచి దూర్చి లాగుతాం. ఇది పునాది ముడి. దాని మీద మళ్లీ అదే పని చేస్తాం, కాకపోతే ఈసారి కొసలను నేరుగా దూర్చకుండా మడిచి, చెవుల్లా చేసి దూరుస్తాం. అలా మడవకుండా కొసలనే దూర్చి ఉంటే అది పీటముడి అయ్యేది, విప్పడానికి గోళ్లు అరిగేవి. మడిచాం కాబట్టి కొస పట్టుకుని లాగితే చాలు, చెవి జారి బయటికొచ్చి మొత్తం విడిపోతుంది. అంటే మనం కట్టేది ముందే సగం విప్పి పెట్టుకున్న ముడి. కొసను ఎవరు లాగినా అది ఊడాలి, దాని పనే అది.

మరి నడుస్తుంటే ఆ కొసను లాగుతున్నది ఎవరు?

దీన్ని కాలిఫోర్నియాలో బర్క్‌లీ యూనివర్సిటీ ఇంజినీర్లు కూర్చుని తేల్చారు. ఆలివర్ ఓరైలీ, ఆయన విద్యార్థులు క్రిస్టీన్ గ్రెగ్, క్రిస్టఫర్ డెయిలీ-డైమండ్ కలిసి చేసిన ఈ పని 2017లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో వచ్చింది. గ్రెగ్ బూట్లు కట్టుకుని ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తుతుంటే లేసు ముడిని స్లో మోషన్‌లో వీడియో తీశారు. కాలు నేలను తాకిన ప్రతిసారీ ముడి మీద పడే కుదుపు గురుత్వాకర్షణకు 7 రెట్ల దాకా ఉంది. ఆ దెబ్బకు ముడి ఒక్క క్షణం సాగి, మళ్లీ వదులవుతుంది. ఆ వదులైన క్షణంలోనే కాలు ముందుకు ఊగుతుంది, ఊగుతున్న కాలితో పాటు లేసు కొసలు కొరడాల్లా విసురుగా ఆడతాయి. ఆ విసురే కొసను లాగే చెయ్యి. ఒక్క అడుగుకు జారేది కనిపించనంత తక్కువ. కానీ కొస కాస్త పొడుగయ్యిందంటే దాని బరువు పెరుగుతుంది, విసురు పెరుగుతుంది, తర్వాతి అడుగుకు ఇంకాస్త ఎక్కువ జారుతుంది. అందుకే గంటసేపు చెక్కుచెదరని ముడి, మొదలైందంటే రెండు మూడు అడుగుల్లో పూర్తిగా విడిపోతుంది. ‘ఇప్పుడే కదా చూశాను, బాగానే ఉంది’ అని మనం అనేది అబద్ధం కాదన్నమాట.

ఆ ప్రయోగంలో నాకు బాగా నచ్చిన ముక్క ఒకటుంది. టేబుల్ మీద కూర్చుని కాళ్లు ఊరికే ఊపితే ముడి ఊడలేదు. నిలబడి కాళ్లతో నేలను బాదినా ఊడలేదు. రెండూ కలిస్తేనే ఊడింది. దెబ్బ ముడిని వదులు చేయాలి, ఊపు కొసను లాగాలి. నడకలో ఈ రెండూ అడుగడుగునా జంటగానే వస్తాయి. పది కిలోమీటర్లు నడిస్తే ఒక్కో కాలు నేలను తాకేది దాదాపు 7 వేల సార్లు. ఆ మాత్రం కుదుపులకు నిలబడమని ఒక జారుముడిని అడుగుతున్నాం మనం.

అయితే అందరి లేసులూ ఊడవు కదా. ఒకే రకం బూట్లు, ఒకే దారి. ఒకరి లేసు పొద్దున కట్టింది రాత్రి దాకా ఉంటుంది, ఇంకొకరిది టీ తాగే లోపు ఊడుతుంది. తేడా ఎక్కడుందంటే, పునాది ముడికీ దాని పైన వేసే బోకీ, అంటే చెవుల ముడికీ మధ్య. మొదటిది కుడి కొస ఎడమ కొస మీదుగా వేసి కట్టామనుకోండి, రెండోది ఎడమది కుడి మీదుగా రావాలి. ఇలా ఎదురెదురుగా వస్తే దాన్ని రీఫ్ నాట్ అంటారు. రెండూ ఒకే వైపు తిరిగితే గ్రానీ నాట్. ఏ అమ్మమ్మా ఇంత పనికిమాలిన ముడి వేయదు, కానీ ఆ పేరు అలా పడిపోయింది.

మీది ఏదో తెలుసుకోవడానికి నిమిషం చాలు. మామూలుగా ఎలా కడతారో అలాగే కట్టండి. చెవుల్ని, కొసల్ని వదిలేయండి. ముడి కిందగా, బూటు నాలుక మీద అడ్డంగా వెళ్లే రెండు లేసు పోగులు కనిపిస్తాయి కదా, వాటిని చెరో చేత్తో పట్టుకుని అటూ ఇటూ లాగండి. బో అడ్డంగా, అంటే ఒక చెవి కుడికీ ఒక చెవి ఎడమకీ నిలబడితే మీది రీఫ్. అలా కాకుండా బో మొత్తం గింగిరాలు తిరిగి ఒక చెవి బొటనవేలి వైపు, ఇంకో చెవి చీలమండ వైపు చూస్తుంటే గ్రానీ. నేను మొదటిసారి ఇలా లాగి చూసినప్పుడు బో గడియారం ముల్లులా తిరిగి నిలువుగా నిలబడింది. ముప్పై ఏళ్లుగా తప్పు ముడి వేస్తున్నానని తెలిసిన క్షణం అది. కాస్త సిగ్గనిపించింది కానీ పెద్ద బరువు దిగినట్టూ అయింది.

ఒకే దారం, ఒకే బలం, తిప్పిన వైపు ఒక్కటే మారింది. ఇంత తేడా ఎందుకు వస్తుంది? ఇది గణితవేత్తలకూ చాలాకాలం తలనొప్పే. ఎంఐటీలో విశాల్ పాటిల్, యార్న్ డుంకెల్, మథియాస్ కోలే బృందం 2020లో ‘సైన్స్’ పత్రికలో దీనికొక చక్కటి వివరణ ఇచ్చింది. లాగుడు ఎక్కువ పడిన చోట రంగు మారే దారాలతో ముడులు కట్టి, బిగిస్తుంటే ఎక్కడ ఎంత ఒత్తిడి పడుతోందో కంటికి కనిపించేలా చేశారు. వాళ్లు చెప్పిన సూత్రాల్లో మనకు కావలసింది ఇది: ముడి బిగుస్తున్నప్పుడు ఒకదానితో ఒకటి రాసుకునే పోగులు తమలో తాము మెలితిరగాలని చూస్తాయి. ఒక పోగు నుంచి పక్క పోగుకు ఆ మెలి దిశ మారుతూ ఉంటే అవి ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి. దిశ మారకపోతే కలిసి దొర్లిపోతాయి. రెండు అరచేతుల మధ్య పెన్సిలు పెట్టి చేతుల్ని ఎదురెదురుగా కదిపితే పెన్సిలు హాయిగా దొర్లుతుంది. దాన్ని బిగపట్టి కదలకుండా చేయాలంటే రెండు వైపులా పోటీ పడాలి. రీఫ్‌లో ఆ పోటీ ఉంది, గ్రానీలో లేదు. బో గింగిరాలు తిరిగిందే, అది ఆ దొర్లుడే.

ఇప్పుడు మందు. రెండింట్లో ఒకటి మాత్రమే మార్చాలి. బో కట్టే వేళ్ల అలవాటు మార్చడం చాలా కష్టం, దాని జోలికి పోకండి. పునాది ముడి మార్చడం తేలిక: ఇన్నాళ్లూ కుడి కొస పైన వేసి ఉంటే ఇకనుంచి ఎడమ కొస పైన వేయండి. పైన బో మామూలుగానే కట్టండి. నేను అతి ఉత్సాహంతో రెండూ మార్చాను. వారం రోజులు కష్టపడి కొత్త పద్ధతి నేర్చుకున్నాక ముడి యథాప్రకారం ఊడింది. ఎందుకంటే రెండూ తిప్పేస్తే వచ్చేది మళ్లీ గ్రానీయే, అద్దంలో చూసిన గ్రానీ. పునాది ఒక్కటే మార్చిన తర్వాత పది రోజులు తికమకగా ఉంటుంది, ఆపైన చేతులే నేర్చుకుంటాయి. తొందరలో ఉన్నప్పుడు పాత అలవాటు దూరి వస్తుంది. కట్టాక ఒక్కసారి కిందికి చూసి, బో నిలువుగా ఉంటే అప్పుడే విప్పి మళ్లీ కట్టడం మేలు.

మామూలు షూలకైతే కథ ఇక్కడితో అయిపోయేది. ట్రెక్కింగ్ బూట్లకు ఇంకో చిక్కుంది, అది లేసులోనే ఉంది. బూటు లేసు రెండు వ్యతిరేకమైన పనులు చేయాలి. బెజ్జాల్లోంచి, రింగుల్లోంచి, హుక్కుల చుట్టూ సాఫీగా జారాలి, లేకపోతే కింద నుంచి పై దాకా సమానంగా బిగించలేం. అదే లేసు ముడి దగ్గర అస్సలు జారకూడదు. కంపెనీలు ఎక్కువగా మొదటి పనికే మొగ్గు చూపుతాయి: గుండ్రటి, నున్నటి పాలియెస్టర్ లేదా నైలాన్ లేసు. రాళ్లకు రాసుకున్నా త్వరగా తెగదు, హుక్కుల మీద చక్కగా జారుతుంది, ముడిలోంచి కూడా అంతే చక్కగా జారుతుంది. బల్లపరుపు లేసుకు పక్క పోగుతో అంటుకునే చోటు ఎక్కువ కాబట్టి ముడి బాగా పట్టుకుంటుంది. మైనం పట్టించిన లేసులూ అంతే. నైలాన్ నీళ్లు పీల్చుకుని కాస్త సాగుతుంది, అందుకే వాన పడ్డ రోజు పొద్దున బిగువుగా ఉన్న ముడి మధ్యాహ్నానికి వదులుగా కనిపిస్తుంది. పాలియెస్టర్‌కి ఆ ఇబ్బంది చాలా తక్కువ. రీఫ్ ముడి వేస్తున్నా ఊడుతోందంటే మాత్రం లేసును అనుమానించండి. లేసులు మార్చడానికి బూట్లు మార్చినంత ఖర్చు కాదు, కానీ ఎందుకో చాలామందికి ఆ ఆలోచనే రాదు.

లేసు మార్చకుండానే పట్టు పెంచుకునే ఉపాయం ఒకటుంది. పునాది ముడి వేసేటప్పుడు కొసను ఒకసారి బదులు రెండుసార్లు దూర్చడం. సర్జన్లు కుట్లు వేసేటప్పుడు దారం జారకుండా ఇలాగే చేస్తారు, అందుకే దీన్ని సర్జన్స్ నాట్ అంటారు. ఒక్క చుట్టుకే ఏమొస్తుందిలే అనిపిస్తుంది. అయితే చుట్టిన తాడుకు ఒక గుణం ఉంది: చుట్టు పెరిగేకొద్దీ పట్టు కూడికలా పెరగదు, గుణకారంలా పెరుగుతుంది. గుంజకు తాడు చుట్టి ఒక కొసను చేత్తో 1 కిలో బరువంత లాగి పట్టుకున్నారనుకోండి. తాడుకీ గుంజకీ మధ్య రాపిడి ఎంతో చెప్పే అంకె, అంటే ఘర్షణ గుణకం, 0.3 అనుకుంటే, ఒక పూర్తి చుట్టుతో అవతలి వైపు ఆరున్నర కిలోల లాగుడును ఆపగలరు. రెండు చుట్లయితే దాదాపు 43 కిలోలు. లేసు ముడిలో లెక్క ఇంత శుభ్రంగా ఉండదు, కానీ సూత్రం అదే. పైగా రెండుసార్లు దూర్చిన పునాది ముడి చేతులు వదిలేసినా అలాగే నిలబడుతుంది. బో కట్టే లోపు వదులైపోతుందేమోనని మోకాలితో, వేలితో అదిమిపట్టే సర్కస్ అక్కర్లేదు.

ట్రెక్కింగ్ బూట్లున్నవాళ్లు దీన్ని ఇంకో చోట కూడా వాడుకోవాలి. పాదం మీది బెజ్జాలు అయిపోయి చీలమండ దగ్గర హుక్కులు మొదలయ్యే మలుపు ఉంటుంది చూడండి, అక్కడ ఒక సర్జన్స్ నాట్ వేయండి. నడిచేటప్పుడు చీలమండ అడుగడుగుకూ వంగి లేస్తుంది. వంగినప్పుడల్లా లేసు మీద లాగుడు మారుతుంది, ఆ మార్పంతా నేరుగా పై ముడికి చేరుతుంది. మధ్యలో ఈ కట్టు ఉంటే కిందిది కిందే, పైది పైనే. పాదం దగ్గర వదులుగా, చీలమండ దగ్గర బిగువుగా ఉంచుకునే వీలూ ఉంటుంది. దిగుడు దారిలో ఇది ఎంత పనికొస్తుందో వేళ్లు బూటు ముందు భాగానికి కొట్టుకుని గోరు నల్లబడినవాళ్లకు తెలుసు.

హుక్కుల దగ్గర కూడా ఒక చిన్న మార్పు. మామూలుగా లేసును కింద నుంచి తెచ్చి హుక్కు వెనకగా పైకి లాగేస్తాం. దానికి బదులు లేసును ముందు హుక్కు పైకి తీసుకెళ్లి, పై నుంచి కిందికి చుట్టి, ఆపైన అవతలి వైపుకు దాటించండి. అలా చేస్తే లేసు తన మీద తానే ఒకసారి అడ్డంగా పడి నొక్కుకుంటుంది. ఎక్కిన బిగువు వెనక్కి జారదు, పై ముడి మోయాల్సిన బరువు తగ్గుతుంది. అన్నిటికీ అక్కర్లేదు, పై రెండు హుక్కులకు చాలు.

హుక్కుల మాటొచ్చింది కాబట్టి నా ఘనకార్యం ఒకటి చెప్పాలి. ఒకసారి రాతి మెట్లు దిగుతున్నాను. లేసు ఊడలేదు, ముడి గట్టిగానే ఉంది. ఎడమ బూటు బోకి లోపలి వైపు చెవి పెద్దదిగా వేలాడుతోంది. కుడి కాలు ముందుకు వేస్తుంటే ఆ చెవి కుడి బూటు లోపలి హుక్కుకు తగులుకుంది. రెండు కాళ్లూ కలిపి కట్టేసినట్టయింది. అడుగు పడాల్సిన చోట పడలేదు, అరచేతుల మీద పడ్డాను. తోలు లేచింది, అంతటితో పోయింది. పక్కనే లోయ ఉన్న దారైతే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఊడిన లేసు కంటే ఊడని పెద్ద చెవే ప్రమాదమని అప్పటిదాకా నాకు తోచలేదు. అప్పటినుంచి చెవుల్ని, కొసల్ని కలిపి కింద అడ్డంగా ఉన్న లేసు పోగుల కిందికి దూర్చేస్తున్నాను. ముళ్లపొదలకు, హుక్కులకు తగలవు. ఇంకో లాభం కూడా ఉంది: ఆడే కొస లేకపోతే కొరడా విసురే లేదు, అంటే ముడి ఊడటానికి కావలసిన రెండింట్లో ఒకటి మాయం.

ఇంత చేసినా చాలనివాళ్లకు, అంటే రోజంతా బురదలో, పొదల్లో నడిచేవాళ్లకు, ఒక మెట్టు పై ముడి ఉంది. బో కట్టి పూర్తిగా బిగించక ముందు ఆగండి. ఒక చెవిని తీసుకుని ముడి మీదుగా చుట్టి, ఇందాక అది దూరిన సందులోంచే ఇంకోసారి దూర్చండి. ఇప్పుడు రెండు చెవులూ పట్టుకుని మెల్లగా బిగించండి. నడుము చుట్టూ రెండు వరసలున్న బో వస్తుంది. ఇది నడకకు ఊడటం నేను చూడలేదు. విప్పడానికి మాత్రం మామూలుగానే కొస లాగితే చాలు, కాస్త నిదానంగా.

ఇక చాలామంది చేసేది, రెండు చెవుల్నీ కలిపి పైన ఇంకో ముడి వేయడం. పనిచేయదని అనను. కింద గ్రానీ ఉన్నా దాన్ని కప్పిపెడుతుంది. కానీ చీకట్లో, చలికి వేళ్లు కొంకర్లు పోతుంటే, తడిసి బిగుసుకుపోయిన ఆ ముడిని పళ్లతో విప్పాలని చూసినవాళ్లను అడగండి. పైగా తప్పు కింద ఉంటే సరిదిద్దాల్సింది కిందే కదా. నా మటుకు నేను దాన్ని వదిలేశాను.

లేసు ఎక్కించే తీరు గురించి కూడా రకరకాలుగా చెబుతారు. మోనాష్ యూనివర్సిటీ గణితవేత్త బర్కార్డ్ పోల్స్టర్ 2002లో ‘నేచర్’ పత్రికలో లెక్కకట్టి చూపింది ఏమిటంటే, బిగువు విషయంలో అందరూ వేసే అడ్డుకత్తెర పద్ధతికి, నేరుగా అడ్డంగా వేసే పద్ధతికి మించినవి లేవని. అంటే తరతరాలుగా జనం వేసుకున్నదే సరైనది. తాడు బిగించుకునే తోలు చెప్పు ఒకటి ఆర్మేనియాలో ఒక గుహలో దొరికింది, వయసు దాదాపు 5,500 ఏళ్లు. అన్నేళ్ల సాధన ఊరికే పోలేదు. ముడి దగ్గర మాత్రం ఇప్పటికీ సగం మంది తప్పు వైపు తిప్పుతూనే ఉన్నట్టుంది.

మిగిలింది ఒకటి రెండు చిన్న విషయాలు. బూటు వేసుకున్నాక మడమను వెనక్కి కొట్టి, అది వెనక భాగానికి ఆనుకున్నాకే లేసు కట్టండి. మొదటి పావుగంట నడిచాక ఆగి ఒకసారి మళ్లీ బిగించండి, ఈలోగా పాదం సర్దుకుంటుంది, బూటు వేడెక్కి మెత్తబడుతుంది, పొద్దున సరిగ్గా ఉన్న బిగువు అప్పటికి వదులవుతుంది. లేసు మరీ పొడుగైతే చీలమండ చుట్టూ చుట్టకండి, అక్కడి నరాలను, స్నాయువులను ఒత్తుతుంది. కత్తిరించేయండి. కొసలు, చెవులు దాదాపు ఒకే పొడవులో ఉండేలా చూసుకుంటే కొస విసురుకు చెవి బరువు ఎదురు నిలుస్తుంది. పాలియెస్టర్, నైలాన్ లేసైతే కత్తిరించిన చోట లైటర్ మంట దగ్గర పెడితే కరిగి తనంతట తానే అతుక్కుంటుంది, చేత్తో ముట్టుకోకుండా చల్లారనివ్వండి. నూలు లేసు అలా కరగదు, కాలుతుంది. దానికి కొసన సన్నటి దారం బిగించి చుట్టి ఒక చుక్క జిగురు వేసుకోవాలి.